పెద్ద ప్రాంగణానికి తనంతట తానే అమరే ఈథర్‌నెట్

వరంగల్, హనుమకొండ, కాజీపేటల చుట్టూ ఉన్న పెద్ద ప్రాంగణాలలో నెట్‌వర్క్ పని చేసేవారికి ఒక సంగతి బాగా తెలుసు: బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ లైను ఎంత పెద్దదైనా, లోపలి స్విచ్‌ల (యంత్రాల వైర్లను కలిపే పెట్టెల) అమరిక సరిగా లేకపోతే ఆ వేగం హాస్టల్ గది దాకా చేరదు. 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన నేటి ఎన్‌ఐటీ గానీ, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం గానీ ఒకే భవనంలో ఇమిడే సంస్థలు కావు. తరగతి భవనాలు, ప్రయోగశాలలు, గ్రంథాలయం, హాస్టళ్లు, సిబ్బంది క్వార్టర్లు దూరదూరంగా పరచుకుని ఉంటాయి. హసన్‌పర్తి వైపు, నర్సంపేట దారిలో వెలసిన ప్రైవేటు కళాశాలలు కూడా ఇప్పుడు అదే తీరులో పెరుగుతున్నాయి. అటువంటి ఒక ప్రాంగణంలో నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగిగా నాకు చాలాకాలంగా ఉన్న అభిప్రాయాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఒకే చోటి యంత్రాలను వైర్లతో కలిపే పద్ధతి అయిన ఈథర్‌నెట్‌కు పుట్టుకతో వచ్చిన గొప్ప గుణం ఎవరూ ఏమీ చెప్పకుండానే పనిచేయడం. నెట్‌వర్క్ పెద్దదయ్యేసరికి మనం ఆ గుణాన్ని వదులుకుని, దాని బరువంతా మనుషుల చేతిమీద పెట్టాం. అలా వదులుకోవలసిన అవసరం లేదని 2008 నాటికే పరిశోధకులు చూపించారు.

మొదట ఆ గుణం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. 1973లో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ రూపొందించిన ఈథర్‌నెట్‌లో అన్ని యంత్రాలూ ఒకే కేబుల్‌ను పంచుకునేవి. ఒకరు పంపినది అందరికీ వినిపించేది, తనది కానిదాన్ని ప్రతి యంత్రమూ వదిలేసేది. తరువాత కేబుల్ పోయి స్విచ్ వచ్చినా ఆ స్వభావం అలాగే నిలిచింది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ కర్మాగారంలోనే 48 బిట్ల మ్యాక్ చిరునామా పడుతుంది. ఆ చిరునామాకూ యంత్రం ఉన్న చోటుకూ ఏ సంబంధమూ లేదు. ఫ్రేమ్ (ఈథర్‌నెట్‌లో పోయే సమాచారపు పొట్లం) ఏ పోర్టు గుండా వచ్చిందో చూసి, దాని పంపినవారి చిరునామా ఆ వైపు ఉన్నదని స్విచ్ గుర్తుపెట్టుకుంటుంది. చేరవలసిన చిరునామా తన పట్టికలో లేకపోతే, వచ్చిన పోర్టు మినహా మిగిలిన అన్ని పోర్టుల గుండానూ పంపేస్తుంది. సాధారణంగా 300 సెకన్లపాటు ఏ ఫ్రేమూ రాకపోతే ఆ చిరునామాను మరచిపోతుంది. కొత్త కంప్యూటరు తెచ్చి సాకెట్‌లో వైరు పెడితే చాలు అది పనిచేయడానికి కారణం ఇంతే.

ఇందులో ఒక్క ఆఫీసు గదికి సరిపోయే ఊహ ఒకటి దాగి ఉంది: తెలియనిది అందరినీ అడగవచ్చు అన్నది. ఊరు చిన్నదైతే డప్పు వేసి చాటించడం సులువైన పద్ధతే. పట్నమంతటికీ అదే పద్ధతి పెడితే రోజంతా డప్పే వినిపిస్తుంది. 1982లో ఆర్‌ఎఫ్‌సీ 826గా (ఆర్‌ఎఫ్‌సీలు ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రాలు) వెలువడిన ఏఆర్‌పీ అనే పద్ధతి, ఒక ఐపీ చిరునామా ఎవరిదో తెలుసుకోవడానికి నెట్‌వర్క్‌లోని ప్రతి యంత్రాన్నీ బ్రాడ్‌కాస్ట్‌తో అడుగుతుంది. ఐపీ చిరునామా ఇమ్మని డీహెచ్‌సీపీ కూడా అలాగే అడుగుతుంది. ప్రింటర్లు, టీవీలు, ఫోన్లు తమ ఉనికిని చెప్పుకునే సందేశాలు వీటికి తోడవుతాయి. వైరు మీద ఇది చిన్న భారమే కావచ్చు గానీ, వైఫైలో మాత్రం చాలా ఖరీదైన వ్యవహారం. యాక్సెస్ పాయింట్ బ్రాడ్‌కాస్ట్‌ను దూరంగా ఉన్న బలహీనమైన పరికరానికి కూడా వినిపించేలా తక్కువ వేగంతో పంపాలి, అంతసేపూ ఆ చానల్‌లో మిగిలినవారంతా ఆగాలి. హాస్టల్‌లో రాత్రి పదకొండు గంటలకు "సార్, నెట్ స్లో ఉన్నది" అని వచ్చే ఫోన్లలో కొన్నింటికి అసలు కారణం ఇంటర్నెట్ లైను కాదు, ఎవరికీ పనికిరాని ఈ చాటింపుల రద్దీ.

లూపు, అంటే వైర్లు వలయంగా కలిసిపోవడం, ఇంతకంటే కఠినమైన సంగతి. ఐపీ ప్యాకెట్‌లో ప్రతి రౌటర్ (వేర్వేరు నెట్‌వర్క్‌లను కలిపే పెట్టె) దగ్గరా ఒకటి చొప్పున తగ్గే అంకె ఒకటి ఉంటుంది, అది సున్నా అయినప్పుడు ప్యాకెట్ చచ్చిపోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లో అటువంటిది లేదు. ల్యాబ్ శుభ్రం చేసేటప్పుడు కింద పడిన ప్యాచ్ కార్డ్ రెండో కొనను ఎవరో మంచి మనసుతో పక్క సాకెట్‌లో పెడితే, ఒక బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము ఆ వలయంలో తిరుగుతూనే ఉంటుంది, తిరిగిన ప్రతిసారీ మిగిలిన పోర్టులన్నిటికీ నకళ్లు పంపుతుంది. ఒక గిగాబిట్ లింకులో అతి చిన్న ఫ్రేములు సెకనుకు 14,88,095 దాకా పోగలవు కాబట్టి, భవనం మొత్తం ఆగిపోవడానికి నిమిషం కూడా పట్టదు.

దీనికి విరుగుడును 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టారు. స్విచ్‌లన్నీ పరస్పరం మాట్లాడుకుని తమలో ఒకదానిని చెట్టుకు వేరులాగా (రూట్) ఎంచుకుంటాయి, దానికి చేరే దగ్గరి దారులను మాత్రమే ఉంచుకుని, వలయాన్ని పూర్తిచేసే లింకులను మూసేస్తాయి. 1990లో 802.1డి ప్రమాణంగా స్థిరపడిన ఈ స్పానింగ్ ట్రీ (వలయాలు లేని చెట్టు అమరిక) కూడా ఎవరూ ఏమీ అమర్చకుండానే పనిచేస్తుంది. ఆ కాలానికి అది అద్భుతమైన ఆలోచన అనడంలో నాకు సందేహం లేదు. దాని ఖరీదు మాత్రం పెద్ద ప్రాంగణంలోనే తెలిసివస్తుంది. నలభై స్విచ్‌లు ఉంటే వాటి మధ్య ఎన్ని ఫైబర్లు వేసినా ముప్పైతొమ్మిది లింకులే పనిచేస్తాయి, మిగిలినవి ప్రమాదం కోసం ఖాళీగా ఎదురుచూస్తాయి. గ్రంథాలయానికీ దాని పక్కనే ఉన్న బాలుర హాస్టల్‌కూ నేరుగా ఫైబర్ ఉన్నా, ఆ లింకు మూతపడితే రెంటి మధ్య ట్రాఫిక్ అంతా పరిపాలన భవనం దాకా పోయి తిరిగి రావలసిందే.

వేరు ఎంపికలోనూ ఒక చమత్కారం ఉంది. ప్రాధాన్యం అంకెను ఎవరూ మార్చకపోతే, అన్నిటికంటే చిన్న మ్యాక్ చిరునామా ఉన్న స్విచ్ వేరు అవుతుంది. ఒకే కంపెనీ పరికరాలలో చిన్న చిరునామా చాలాసార్లు పాతదానికే ఉంటుంది. కాబట్టి స్టోర్ రూమ్‌లోంచి తీసి ఏ మూలనో పెట్టిన, దుమ్ము పట్టిన పాత స్విచ్ ఒక రోజున ప్రాంగణం మొత్తానికీ పెద్ద అయి కూర్చుంటుంది. పాత ప్రమాణంలో ఒక లింకు తెగితే కొత్త దారి తెరుచుకోవడానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన వేగవంతమైన రూపం దాన్ని బాగా తగ్గించింది. అయినా మన దగ్గర ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చే తీరు వేరు. ఒక్కో భవనంలో యూపీఎస్ బ్యాటరీ ఒక్కో వయసుది కావడం వల్ల స్విచ్‌లు వేర్వేరు సమయాలలో ఆగి, వేర్వేరు సమయాలలో లేస్తాయి, ప్రతి లేవడమూ చెట్టును మళ్లీ కదిలిస్తుంది.

చెట్టు ఎంత లోతుగా పెరగవచ్చన్నదానికీ హద్దు ఉంది. సాధారణ టైమర్లతో రెండు కొనల మధ్య ఏడు స్విచ్‌లకు మించకూడదని ప్రమాణం సూచిస్తుంది. ఈ హద్దును ఎవరూ గమనించకుండా దాటితే ఏమవుతుందో 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ వైద్య కేంద్రంలో తెలిసింది. ఏళ్ల తరబడి ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయిన నెట్‌వర్క్ కుప్పకూలి, వైద్యులు కొన్ని రోజులపాటు కాగితాల మీద పని నడుపుకోవలసివచ్చింది. ఆ సంస్థ తన అనుభవాన్ని దాచకుండా బయటపెట్టడం నెట్‌వర్క్ వృత్తికి చేసిన మేలు.

ఈ కష్టాలకు అందరూ చేసే వైద్యం ఒకటే: నెట్‌వర్క్‌ను సబ్‌నెట్లుగా (ఒక్కోదానికి ఒక్కో వరస ఐపీ చిరునామాలు ఉండే చిన్న నెట్‌వర్క్‌లుగా) ముక్కలు చేసి మధ్యలో రౌటర్ పెట్టడం. బ్రాడ్‌కాస్ట్ ముక్కలోనే ఆగిపోతుంది, చెట్టు చిన్నదవుతుంది, రౌటర్ల మధ్య అన్ని దారులూ వాడుకలోకి వస్తాయి. కానీ ఐపీ చిరునామా ఇప్పుడు చోటుకు కట్టుబడిపోతుంది. ప్రతి ముక్కకూ ఎన్ని చిరునామాలు కావాలో ముందే ఊహించాలి, రౌటర్ పోర్టులకు అంకెలు ఇవ్వాలి, డీహెచ్‌సీపీలో విభాగాలు రాయాలి, వాటినిబట్టి ఫైర్‌వాల్ నియమాలు రాయాలి. ఒక విభాగం రెండు భవనాలలో ఉంటే వీల్యాన్ (అవే వైర్ల మీద విడిగా నడిచే ఊహా నెట్‌వర్క్) కావాలి. వీల్యాన్‌కు ఉన్నవి 12 బిట్లు, వాడుకోదగినవి 4,094 అంకెలు. ఒక కళాశాలకు అది చాలినంతే గానీ, ఆ వీల్యాన్ పోయే దారిలోని ప్రతి ట్రంక్ పోర్టులోనూ (అనేక వీల్యాన్‌లను మోసే పోర్టు) దాన్ని చేత్తో అనుమతించాలి. అసలు దారిలో అనుమతించి, ప్రత్యామ్నాయ దారిలో మరచిపోతే, ఆ లోపం అసలు దారి తెగిన రోజునే బయటపడుతుంది. చివరికి వీల్యాన్ లోపల మళ్లీ అదే స్పానింగ్ ట్రీ, అదే చాటింపు.

ఈ చేతిపని ఎంత భారమో తెలియాలంటే ప్రవేశ పరీక్షల కాలం చూడాలి. 2018 నుంచి తెలంగాణ ఎంసెట్ కంప్యూటర్ మీదనే జరుగుతోంది (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్), ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబులు పరీక్ష కేంద్రాలవుతాయి. పరీక్ష యంత్రాలు మిగిలిన ప్రాంగణానికి కనిపించకూడదు. పరీక్ష ముగిశాక అవే యంత్రాలు సెమిస్టర్ ల్యాబులకు తిరిగి రావాలి. మూడు భవనాలలోని ల్యాబులను ఒక గుంపుగా వేరుచేయడం అంటే, ఈ మూడు మాటలలో చెప్పగలిగిన పనికి, పదుల పోర్టులలో మార్పులు చేసి, మళ్లీ వెనక్కి మార్చడం. నెట్‌వర్క్‌కు మన ఉద్దేశం చెప్పాలి గానీ, ఒక్కొక్క పోర్టుకు ఏం చేయాలో మనమే చెప్పవలసిరావడం వింతగా ఉంటుంది.

2008లో సియాటిల్ నగరంలో జరిగిన సిగ్‌కామ్ అనే నెట్‌వర్క్ పరిశోధన సదస్సులో చాంగ్‌హూన్ కిమ్, మాథ్యూ సీజర్, జెన్నిఫర్ రెక్స్‌ఫర్డ్ సమర్పించిన పత్రం ఈ ముడిని విప్పింది. వారు తమ పద్ధతికి కూడా ఆ నగరం పేరే పెట్టుకున్నారు. అందులోని మొదటి మెట్టు రెండు రకాల సమాచారాన్ని విడదీయడం. స్విచ్‌లు వందలలో ఉంటాయి, అరుదుగా మారతాయి. వాటికి తగిలే పరికరాలు వేలలో ఉంటాయి, నిమిషానికోసారి మారతాయి. కాబట్టి స్విచ్‌ల మధ్య దారులకు మాత్రమే లింక్-స్టేట్ పద్ధతి వాడాలి. ప్రతి స్విచ్ తన పొరుగు ఎవరో అందరికీ చెబుతుంది, అందరూ కలిపి ఒకే పటం తయారుచేసుకుంటారు, ఆ పటంలో దగ్గరి దారి ఎవరికివారు లెక్కకట్టుకుంటారు. ఏ లింకూ మూతపడదు. పరికరాల వివరాలు ఈ పటంలోకి రానే రావు.

మరి ఏ ఫోను ఏ స్విచ్‌కు తగిలి ఉందో ఎలా తెలుస్తుంది? అందరినీ అడగడానికి బదులు, ఎవరిని అడగాలో లెక్కతో తేల్చుకోవడం ఇక్కడి రెండో మెట్టు. మ్యాక్ చిరునామాను ఒక హాష్ లెక్కలో వేస్తే ఒక అంకె వస్తుంది. ఆ అంకెకు దగ్గరగా పడే స్విచ్ ఆ చిరునామాకు చిట్టా రాసుకునేది అవుతుంది. ఏ స్విచ్ లెక్క వేసినా జవాబు ఒకటే కాబట్టి, చిట్టా ఎక్కడుందో ఎవరినీ అడగనక్కరలేదు. ఫోను హాస్టల్ స్విచ్‌కు తగలగానే ఆ స్విచ్ లెక్క వేసి, చిట్టా ఉన్న స్విచ్‌కు ఒకే ఒక్క సందేశం పంపుతుంది. గ్రంథాలయంలోని యంత్రం ఆ ఫోనుకు ఏదైనా పంపదలిస్తే, అక్కడి స్విచ్ అదే లెక్క వేసి, అదే చిట్టా దగ్గరికి పోతుంది. మొదటి ఫ్రేమును చిట్టా ఉన్న స్విచ్చే గమ్యానికి పంపి, ఇకమీద నేరుగా పంపుకొమ్మని చిరునామా తెలియజేస్తుంది. గ్రంథాలయం స్విచ్ దాన్ని కొంతకాలం గుర్తుపెట్టుకుంటుంది. ఏఆర్‌పీ ప్రశ్నలకూ ఇదే దారి: ఐపీ చిరునామాను హాష్ చేసి, ఆ చిట్టా దగ్గర అడిగితే మ్యాక్‌తోపాటు చోటు కూడా దొరుకుతుంది, అప్పుడు మొదటి ఫ్రేము కూడా చుట్టు తిరగదు. డీహెచ్‌సీపీ అభ్యర్థన కూడా చాటింపు కాకుండా సర్వర్ ఉన్న స్విచ్‌కు నేరుగా చేరుతుంది.

లెక్కకోసం రెండు వందల స్విచ్‌లు, ఇరవై వేల పరికరాలు ఉన్నాయనుకుందాం. పాత పద్ధతిలో ఒకే చదును నెట్‌వర్క్ అయితే ప్రతి స్విచ్ ఇరవై వేల చిరునామాలనూ మోయవలసిరావచ్చు. చవక యాక్సెస్ స్విచ్ (పరికరాలు నేరుగా తగిలే స్విచ్) పట్టిక 8 వేలకో 16 వేలకో నిండిపోతుంది, నిండాక తెలియని ఫ్రేములన్నీ మళ్లీ అన్ని పోర్టులకూ పోతాయి. కొత్త పద్ధతిలో ఒక్కో స్విచ్ చిట్టాలో సగటున వంద పరికరాలే ఉంటాయి, దానికి తోడు తన సొంత పోర్టులవి, ఇటీవల తన వినియోగదారులు మాట్లాడినవారివి. ఒక స్విచ్ చచ్చిపోతే ఏమవుతుందన్నది నాకు మొదట వచ్చిన సందేహం. వారు వాడిన హాష్ పద్ధతిలో ఆ ఒక్క స్విచ్ వాటా మాత్రమే చేతులు మారుతుంది, మిగిలిన చిట్టాలు కదలవు. లింక్-స్టేట్ పటంలోంచి ఆ స్విచ్ మాయమైందని అందరికీ తెలుస్తుంది కనుక, తమ పరికరాల వివరాలు దాని దగ్గర పెట్టుకున్నవారు కొత్త చిట్టా దగ్గర మళ్లీ నమోదు చేసుకుంటారు. విద్యార్థి ఫోనుతో గ్రంథాలయం నుంచి మెస్‌కు నడిచిపోతే, కొత్త స్విచ్ చిట్టాను సవరిస్తుంది, పాత స్విచ్ తన దగ్గరికి వచ్చే ఫ్రేములను కొత్త చోటికి పంపి, పంపినవారికి సవరణ చెబుతుంది. ఐపీ చిరునామా మారదు, ఫోన్ కాల్ తెగదు.

నన్ను ఇందులో బాగా ఆకట్టుకున్నది మనిషి చేయవలసిన పని ఎంత తక్కువో అన్నది. సబ్‌నెట్ లెక్కలు లేవు, ట్రంక్ జాబితాలు లేవు. అయితే నిజంగా అందరికీ చేరవలసిన బ్రాడ్‌కాస్ట్‌లు కొన్ని మిగులుతాయి. వాటికోసం గుంపులు పెట్టుకోవాలి, ఆ గుంపులో ఎవరెవరు ఉండాలో ఎవరో ఒకరు చెప్పక తప్పదు. పరీక్ష ల్యాబుల వంటి అవసరానికి అదే సరైన చోటు.

ఆ పత్రంలోని స్విచ్ యథాతథంగా అంగట్లోకి రాలేదు. ఆలోచన మాత్రం వేర్వేరు దారులలో వచ్చింది. స్పానింగ్ ట్రీని కనిపెట్టిన పెర్ల్‌మన్ తానే 2004లో దానికి ప్రత్యామ్నాయం ప్రతిపాదించారు. అది ట్రిల్ పేరుతో 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6325 అయింది, ఫ్రేముకు లేని ఆ తగ్గే అంకెను కూడా చేర్చింది. 2012లో షార్టెస్ట్ పాత్ బ్రిడ్జింగ్ 802.1ఏక్యూగా వచ్చింది, 2014 సోచి శీతాకాల ఒలింపిక్స్ నెట్‌వర్క్ దాని మీదే నడిచింది. ఈ రెండూ ఐఎస్-ఐఎస్ అనే లింక్-స్టేట్ పద్ధతినే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు: అది నేరుగా ఈథర్‌నెట్ మీదే నడుస్తుంది, లింకులకు ఐపీ చిరునామాలు ఇవ్వనక్కరలేదు. చివరికి గెలిచింది మాత్రం ఈథర్‌నెట్ ఫ్రేమును ఐపీ ప్యాకెట్‌లో చుట్టి పంపే 2014 నాటి వీఎక్స్‌ల్యాన్, ఏ పరికరం ఎక్కడుందో తెలిపే 2015 నాటి ఈవీపీఎన్ జంట. ఈవీపీఎన్‌లో ప్రతి పరికరం వివరమూ బీజీపీ (ఇంటర్నెట్ రౌటర్లు దారులు చెప్పుకునే పద్ధతి) ద్వారా అందరికీ ముందే పంచుతారు. ఏఆర్‌పీకి దగ్గరి స్విచ్చే జవాబిస్తుంది. సిస్కో ప్రాంగణ వ్యవస్థ వాడే లిస్ప్ మాత్రం అవసరమైనప్పుడు చిట్టాను అడిగే పద్ధతి, అందుకే అది 2008 ఆలోచనకు దగ్గరి చుట్టం. ఫోన్లు నిత్యం తిరిగే ప్రాంగణానికి అందరికీ పంచడం కంటే అవసరమైనప్పుడు అడగడమే మేలని నా అభిప్రాయం. అయితే ఈవీపీఎన్‌కు ఎక్కువ కంపెనీల పరికరాలు దొరుకుతాయి కాబట్టి, టెండరు దృష్టితో చూస్తే దానివైపే మొగ్గాలి.

ఇక్కడ కొత్తగా కట్టవలసివస్తే నేను ఇలా చేస్తాను. భవనాల మధ్య దూరం రాగి కేబుల్ 100 మీటర్ల హద్దును దాటుతుంది కనుక సింగిల్ మోడ్ ఫైబరే వేయాలి, ప్రతి భవనానికీ రెండు వేర్వేరు దారులలో వేయాలి. ఒకే కందకంలో రెండు కేబుళ్లు వేస్తే జేసీబీకి రెండూ ఒకేసారి దొరుకుతాయి. గోడల మీద, చెట్ల మీదుగా లాగిన కేబుళ్లకు కోతుల బెడద ఉంది. ఉత్తర తెలంగాణలో నెట్‌వర్క్ రూపకల్పన పుస్తకాలలో లేని అధ్యాయం అది, పైపు లోపల వేయడమే దానికి మందు. భవనాల మధ్య లింకులన్నీ రౌటెడ్ లింకులే (రెండు కొనల్లోనూ రౌటర్‌లా పనిచేసేవి) కావాలి, వాటికి ఐపీవీ6 లింక్-లోకల్ చిరునామాలు తమంతట అవే పుడతాయి, మనం ఏ అంకే రాయనక్కరలేదు. స్పానింగ్ ట్రీ భవనం గడప దాటకూడదు. పాడైన యాక్సెస్ స్విచ్ స్థానంలో కొత్తది పెట్టినప్పుడు, అది లేచి డీహెచ్‌సీపీ ద్వారా తన అమరిక ఫైలు ఎక్కడుందో తెలుసుకుని తానే తెచ్చుకోవాలి. అప్పుడు ఆదివారం రాత్రి వాచ్‌మన్ కూడా స్విచ్ మార్చగలడు.

అన్నీ తమంతట అమరాలన్న ఈ సూత్రాన్ని చివరి పోర్టు దాకా లాగడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. వెన్నెముకలోని స్విచ్‌లు ఒకదాన్నొకటి నమ్మవచ్చు, గదిలోని సాకెట్ ఎవరినీ నమ్మకూడదు. హాస్టల్ విద్యార్థి సొంత వైఫై రౌటర్ తెచ్చి, దాని ల్యాన్ పోర్టును గోడ సాకెట్‌కు తగిలిస్తే, అది పక్క గదులకు కూడా చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది. ఆ అంతస్తులో అందరికీ వైఫై గుర్తు కనిపిస్తూనే ఇంటర్నెట్ ఆగిపోతుంది. డీహెచ్‌సీపీ స్నూపింగ్ (దొంగ డీహెచ్‌సీపీ జవాబులను ఆపడం), బీపీడీయూ గార్డ్ (స్పానింగ్ ట్రీ సందేశం వస్తే పోర్టును మూసేయడం), బ్రాడ్‌కాస్ట్‌లకు పరిమితి అనే మూడు జాగ్రత్తలు ప్రతి యాక్సెస్ పోర్టులోనూ ఉండాలి. అలాగే మ్యాక్ చిరునామాను మనిషి గుర్తింపుగా వాడే అలవాటు మానాలి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫై నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత చిరునామా చూపుతున్నాయి. దారి కనుక్కోవడానికి ఆ చిరునామా చాలు. విద్యార్థి ఎవరో తెలియాలంటే 802.1ఎక్స్‌తో పేరు, పాస్‌వర్డ్ అడగాలి, వారు ఏ గుంపులోకి రావాలో వాటిని సరిచూసే సర్వరే చెప్పాలి.

కొనుగోలులో తక్కువ ధరకే ఆర్డరు పోతుంది కాబట్టి, టెండరు కాగితంలో రాయని గుణం పెట్టెలో రాదు. పోర్టుల సంఖ్య, వేగం అందరూ రాస్తారు. మ్యాక్ పట్టిక ఎంత, ఏఆర్‌పీ పట్టిక ఎంత, వీఎక్స్‌ల్యాన్ హార్డ్‌వేర్‌లోనే జరుగుతుందా, ఈవీపీఎన్ వాడకానికి విడిగా లైసెన్సు కొనాలా, ఆ లైసెన్సు ఏటేటా కట్టాలా, స్విచ్ తనంతట అమరిక ఫైలు తెచ్చుకోగలదా అన్నవి కూడా రాయాలి. పంపిణీ స్విచ్‌లకు (భవనంలోని యాక్సెస్ స్విచ్‌లను వెన్నెముకతో కలిపేవి) ఇవన్నీ ఉంటే, యాక్సెస్ స్విచ్‌లను ఇప్పటికి చవకవే కొని, బడ్జెట్ వచ్చినప్పుడు ఒక్కో భవనం చొప్పున మార్చుకోవచ్చు. హాస్టళ్లతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే పరికరాలు అక్కడే ఎక్కువ, పరీక్షల సమయంలో పని ఆపవలసిన ల్యాబులు అక్కడ లేవు.